రేవు కట్టిన నావికుడు : లా బూర్దొనే జీవితము

సాయంకాలము కచేరీ ముగిసిన పిదప పుదుచ్చేరి సముద్రతీరమున కాసేపు నడచుట మనలో పెక్కుమందికి అలవాటు. అచట డూప్లే విగ్రహమును చూడనివారుండరు. పిల్లలు ఆయన ఎవరని అడుగుదురు. మనకు తెలిసినంత చెప్పుదుము. కాని డూప్లేతో సమానమైన ప్రతిభ కలిగి, ఆయనతో కలహించి, ఆ కలహమున తానును నశించి, ఫ్రెంచివారి హిందూదేశ రాజ్యమునకును కీడు కలిగించిన మరియొక మహాపురుషుని పేరు మనకంత పరిచితము కాదు. ఆయన పేరు బెర్త్రాన్ ఫ్రాన్స్వా మాహే ద లా బూర్దొనే. మన కేంద్రపాలిత ప్రాంతమున పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాము అని నాలుగు భాగములు గలవు గదా! అందు మాహే పేరును ఈయన ఇంటిపేరును ఒక్కటే. ఊరి పేరు ఈయనకు వచ్చెనా, ఈయన పేరు ఊరికి వచ్చెనా, లేక మయ్యళి యను మలయాళ నామమే అట్లు మారెనా యను వివాదము నేటికిని తీరలేదు. ఆ వివాదమటుంచి ఆ మనుష్యుని కథ చెప్పుకొందము.

లా బూర్దొనే 1699వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన ఫ్రాన్సు దేశమున సేంట్ మాలో అను రేవుపట్టణమున జన్మించెను. ఆ ఊరి పిల్లలకు నడక వచ్చుటయు, ఓడ ఎక్కుట వచ్చుటయు ఇంచుమించు ఒక్కసారియే. ఆయన పదియేండ్ల వయస్సుననే సముద్రయానము ప్రారంభించెను. ఇరువది యేండ్లు నిండునప్పటికి ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ కొలువున చేరెను. లెక్కలు, ఓడల నిర్మాణము, కోటల నిర్మాణము, వ్యాపారము అన్నియు పనిలో పడి నేర్చుకొన్నవాడు. మాహేను ఫ్రెంచివారు పట్టుకొన్న 1725 నాటి దాడిలో ఆయన చాతుర్యము వెల్లడి యయ్యెను. అటు పిమ్మట స్వంత వర్తకము చేసి ధనము గడించెను. పుదుచ్చేరి ఆయనకు ఈ కాలముననే చిరపరిచితమైనది.

ఆ దినములలో పుదుచ్చేరికి రేవు లేదు. ఓడలు దూరముగా లంగరు వేసికొని నిలుచుచుండెను. సరకులను, మనుష్యులను కెరటముల మీదుగా ఒడ్డునకు చేర్చుటకు పలకలను కొబ్బరినారతో కుట్టిన మసూలా పడవలే శరణ్యము. అక్టోబరు మాసము వచ్చినంతనే ఈశాన్య ఋతుపవనమునకు భయపడి ఓడలు ఈ తీరము విడిచి పోవలసినదే. కోరమండలమున ఫ్రెంచివారికి ఓడలను దాచుకొను చోటు లేదన్నమాట. హిందూ మహాసముద్రమున ఎక్కడో ఒక రేవు లేనిదే పుదుచ్చేరి నిలువదని గ్రహించినవారిలో లా బూర్దొనే ముఖ్యుడు. ఆయన జీవితమునంతటిని ఈ యొక్క యోచనయే నడిపించినదని చెప్పవచ్చును.

ఆ రేవు కాదగిన చోటు ఆఫ్రికాకు తూర్పున గల ఒక చిన్న ద్వీపము. నేడు మనము దానిని మారిషస్ అందుము. 1710లో డచ్చివారు దానిని విడిచిపోగా, 1715లో ఫ్రెంచివారు స్వాధీనము చేసికొని ఫ్రాన్సు ద్వీపమని పేరు పెట్టిరి. సమీపమున బూర్బోన్ ద్వీపము, అనగా నేటి రీయూనియన్, అంతకు మునుపే వారి వశమున నుండెను. ఈ రెండు ద్వీపములకు గవర్నరుగా నియమితుడై లా బూర్దొనే 1735వ సంవత్సరము జూను మాసమున ఫ్రాన్సు ద్వీపమున దిగెను. దిగి చూడగా కొలదిపాటి జనము, కొన్ని గుడిసెలు, చుట్టును అడవి. అడవులలోనికి పారిపోయిన బానిసలు అప్పుడప్పుడు వలస జనులపై దాడి చేయుచుండిరి. మంచి లోతు గలిగి, కొండల చాటున నుండి, తూర్పుగాలి తగులని వాయవ్య తీరపు ఉటంకము మాత్రము ప్రకృతి ప్రసాదించిన భాగ్యము. దానికి పోర్టు లూయీ అని పేరు.

తరువాతి పదునొకండు సంవత్సరములలో ఆయన చేసిన పనుల పట్టిక చూచినచో, ఏ ప్రజాపనుల శాఖ యైనను ఆశ్చర్యపడవలసినదే. రాజధానిని పోర్టు లూయీకి తెచ్చెను. కోటలు, గిడ్డంగులు, ఆసుపత్రి, రోడ్లు, గవర్నరు భవనము కట్టించెను. గ్రాండ్ రివర్ అను నదినుండి పట్టణమునకు కాలువ త్రవ్వించి మంచినీరు రప్పించెను. ఓడలు మరమ్మతు చేయుటకును, క్రొత్తవి కట్టుటకును వసతులేర్పరచెను. కరువు రాకుండ బ్రెజిలు దేశమునుండి కర్రపెండలము తెప్పించి నాటించెను. చెఱకు సాగును ప్రోత్సహించెను. నేటి మారిషస్ చక్కెరకు ఆనాడే పునాది పడినది.

ఈ పనులు చేసిన చేతులు ఎవరివి? ఇచటనే మనము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. పుదుచ్చేరి నుండి తాపీ పనివారిని, వడ్రంగులను, కమ్మరులను ఒడంబడికపై ఆ ద్వీపమునకు కొనిపోయిరి. ఎక్కువమంది తమిళులు. పోర్టు లూయీలో వారు నివసించిన పేటకు మలబారువారి పేట యని ఫ్రెంచివారు పేరిడిరి. మడగాస్కరు నుండియు, ఆఫ్రికా తూర్పుతీరము నుండియు తేబడిన బానిసల చాకిరి అంతకంటె ఎక్కువ. లా బూర్దొనే బానిసల వ్యాపారమున పాలుగొన్నవాడు; పారిపోయిన బానిసలను పట్టుటకు బానిసలనే సైనికులుగా నియోగించినవాడు. ఆయన గొప్పతనమును కీర్తించువారు ఈ సంగతిని మరుగుపరచుట న్యాయము కాదు. ఆ రేవునందలి రాళ్ళలో మన ఊరి శిల్పుల నేర్పును ఉన్నది, ఆఫ్రికా జనుల కన్నీరును ఉన్నది.

ఈ కాలముననే ఆయన గృహజీవితము కూలిపోయెను. మొదటి భార్య 1738లో ద్వీపముననే మరణించెను, బిడ్డలును దక్కలేదు. మనస్సు విరిగి 1740లో ఫ్రాన్సుకు పోయెను. అచట తనపై వచ్చిన పితూరీలకు సమాధానము చెప్పుకొని, మరల వివాహమాడి, యుద్ధనౌకలతో 1741లో తిరిగి వచ్చెను. ఆ యేటనే హిందూదేశమునకు వచ్చి, నాయరుల ముట్టడిలో నున్న మాహేను విడిపించెను. ఆయన పంపిన లాజారు పికో అను నావికుడు ఉత్తరమున నున్న ద్వీపసముదాయమును పరిశీలించి 1744లో అందు పెద్ద ద్వీపమునకు మాహే అని గవర్నరు పేరు పెట్టెను. అదియే నేటి సెషెల్స్ దేశపు ప్రధాన ద్వీపము.

1744వ సంవత్సరమే ఆయన జీవితమున మరువరాని విషాదము జరిగిన సంవత్సరము. అది ఒక ఓడ కథ. ఆ కాలపు సముద్రయానమన నెట్టిదో తెలియుటకు దానిని కొంత వివరముగా చెప్పవలసి యున్నది.

ఫ్రాన్సునందలి లోరియాన్ రేవునుండి ఫ్రాన్సు ద్వీపమునకు వచ్చుటకు నాలుగైదు మాసములు పట్టుచుండెను. ఓడలు ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి, దక్షిణముగా పోయి పడమటిగాలుల నందుకొని తూర్పునకు సాగి, పిదప ఉత్తరమునకు మరలి ఆగ్నేయపు వాణిజ్య పవనములను పట్టుకొనుచుండెను. మధ్యాహ్నపు సూర్యుని ఎత్తు కొలిచి తాము ఏ అక్షాంశముననున్నదియు నావికులు చక్కగనే తెలిసికొనగలరు. తూర్పుపడమరల లెక్క మాత్రము వారికి తెలియు ఉపాయము లేదు. ఓడలో పెట్టుకొనదగిన నమ్మకమైన గడియారము నాటికి సిద్ధము కాలేదు. ఇంగ్లండులో హారిసన్ నిర్మించిన నాలుగవ గడియారమును సముద్రముపై పరీక్షించుట 1761లో గాని జరుగలేదు. కనుక త్రాటిని నీట విడిచి ఓడ వేగమును కొలుచుట, నడచిన దూరమును ఊహించుట, ఇంతే. ఆ ఊహ నూరు క్రోసులు తప్పినను వింత లేదు. అందుచేత ముందుగా తూర్పున నున్న రోడ్రిగ్స్ అను చిన్న ద్వీపమును చూచి గుర్తుపట్టి, అచటినుండి అదే అక్షాంశముల మీదుగా పడమరకు వచ్చుట నావికుల ఆచారము. ఆ పిదప కనబడునది ఫ్రాన్సు ద్వీపమునకు ఉత్తరమున నిలిచిన గుండ్రని కొండదీవి. దానిని చూచి, ఉత్తరాగ్రమును చుట్టి పోర్టు లూయీ చేరవలెను.

తీరము కనబడినంతనే ప్రయాణము ముగిసినదని మనవంటివారము అనుకొందుము. నావికులకు అసలు గండము అప్పుడే. నడిసముద్రమున ఓడకు తగులుట కేమియు లేదు. ఉష్ణమండల ద్వీపముల చుట్టును పగడపు దిబ్బలు గోడవలె లేచియుండును; వాని వెలుపల సముద్రము మిక్కిలి లోతు. కావున సీసపు గుండు వేసి లోతు చూచినను ముందుగా హెచ్చరిక దొరకదు. పైగా నెలల తరబడి నిలువ రొట్టె, ఉప్పుమాంసము తిన్న ఓడవాండ్రు చిగుళ్ళ నుండి రక్తము కారి, కాళ్ళు వాచి, చుక్కాని పట్టుటకు శక్తిలేక పడియుందురు. ఎవరి కన్ను మిక్కిలి చురుకుగా నుండవలెనో, ఆ దినములలోనే వారి కన్ను మూతపడుచుండును.

సేంట్ జెరాన్ అను కంపెనీ ఓడ 1744 మార్చి 24వ తేదీన లోరియాన్ విడిచెను. దానియందు ద్వీపమునకు కావలసిన చెఱకు గానుగ యంత్రసామగ్రియు, వెండి నాణెముల పెట్టెలును ఉండెను. దారిలో ఆఫ్రికా పడమటి తీరమున గోరే అనుచోట కొందరు బానిసలను ఎక్కించుకొనిరి. నావికులలో చాలమంది రోగగ్రస్తులైరి. ఆగస్టు 17వ తేదీ మధ్యాహ్నము గుండ్రని దీవి కంటబడెను. గమ్యము ఇంక ఒక్కరోజు దారి. శుక్లపక్షపు చంద్రుడు ఆకాశమున నుండెను. ఆ వెన్నెలలో రేవుకు పోవుదమా, తెల్లవారువరకు ఆగుదమా అను ప్రశ్న వచ్చెను. ద్వీపపు తీరము తెలిసినవారు కొందరు ఆగుటయే మేలని చెప్పిరి. చీకటిలో దిబ్బలకు తగులుదుమన్న భయముతో చెప్పిన సలహా అది. తప్పు పట్టదగినది కాదు. కాని తెరచాపలు దించి నిలిచిన ఓడను ప్రవాహము మెల్లమెల్లగా తీరమునకు త్రోయుచునే యుండెను. చంద్రు డస్తమించెను. తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ఓడ ఆంబర్ దీవి సమీపమున పగడపు దిబ్బను కొట్టుకొనెను. మరికొంతసేపటికి దాని నడుము విరిగెను.

ఆ ఓడలో సుమారు రెండువందలమంది ఉండిరి. బ్రదికి ఒడ్డు చేరినవారు తొమ్మిదిమంది. నాయకుడు దలామార్ తన హోదాకు తగదని పైదుస్తులు విడువ నిరాకరించి, ఈదలేక మునిగిపోయెనని బ్రదికినవారు చెప్పిరి. ఆగస్టు ఆ ప్రాంతమున తుపానుల కాలము కాదు. శత్రువు లేడు. ఇల్లు కనుచూపు మేరలో నున్నది. మహాసముద్రమును దాటివచ్చినవారు వాకిట మునిగిపోయిరి.

బ్రదికినవారి వాఙ్మూలములు వ్రాసికొనబడెను. ఆ కాగితములు నిలిచియుండుట చేతనే నేడు మనకు ఈ వివరములు తెలియుచున్నవి. దస్తరములు వ్రాయు మనవంటివారికి అది చెప్పుకొనదగిన ముచ్చట. కొంతకాలమునకు ఆ ద్వీపమున నివసించిన బెర్నార్దాన్ ద సేంట్ పియేర్ అను రచయిత ఈ దుర్ఘటనను ఆధారము చేసికొని 1788లో పాల్, వర్జీనియా అను జంట కథను ప్రకటించగా అది లోకప్రసిద్ధి చెందెను. ఆ కథలో గవర్నరు లా బూర్దొనే యును ఒక పాత్ర.

సేంట్ జెరాన్ మునిగిన కొలది వారములకే ఫ్రాన్సునకును ఇంగ్లండునకును యుద్ధము వచ్చినదను వార్త ద్వీపమునకు చేరెను. లా బూర్దొనేకు యుద్ధనౌకలు లేవు. అవి అంతకు ముందే ఫ్రాన్సునకు మరలింపబడినవి. అయినను ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. వర్తకపు ఓడలకే ఫిరంగులు బిగించెను. నావికులకు ఫిరంగి పని, వడ్రంగులకు సైనికుల పని నేర్పెను. ఆఫ్రికావారిని సైన్యమున చేర్చుకొనెను. 1746 మార్చిలో బయలుదేరగా తుపాను తగిలి ఓడలు చెల్లాచెదరయ్యెను. మడగాస్కరునందలి అంతోంజిల్ అఖాతమున చేరి, జ్వరములకు మనుష్యులు రాలిపోవుచుండగా, అడవిలో చెట్లు కొట్టించి, బురదలో లాగించి క్రొత్త స్తంభములు నిలిపించెను. నలువది దినములకు పైగా ఆ పని సాగెను. రేవులేనిచోట రేవు కల్పించుట ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

జూలై 6వ తేదీన నాగపట్టణము సమీపమున ఇంగ్లీషు నౌకలతో పోరు జరిగెను. స్పష్టమైన గెలుపు ఎవరికిని లేదు గాని ఇంగ్లీషువారు తప్పుకొనిపోయిరి. లా బూర్దొనే పుదుచ్చేరి చేరెను. ఎన్ని తుపానులు దాటినను ఇచట తీరముపై ఎదురైనది వేరొక తుపాను. అది డూప్లే.

1742 నుండి డూప్లే పుదుచ్చేరి గవర్నరు. సముద్రముపై అధికారము లా బూర్దొనేది; హిందూదేశమునందలి ఫ్రెంచి స్థావరములపై అధికారము డూప్లేది. ఓడలు తీరమున నిలిచినప్పుడు ఆజ్ఞ ఎవరిది? ఉత్తరువులు వ్రాసిన పారిస్ పెద్దలు ఆ సంగతి ఆలోచింపలేదు. ఒకే పనికి ఇద్దరు అధికారులను నియమించి, సరిహద్దు గీయక వదలిన ఫలితము ఎట్లుండునో ప్రభుత్వోద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. వందనపు ఫిరంగులు ఎన్ని పేల్చవలెననుట మొదలు మందుగుండు ఎంత ఇవ్వవలెననుట వరకు ప్రతిదియు వివాదమే. ఆనాడు డూప్లేకు సన్నిహితుడై యున్న ఆనందరంగ పిళ్ళె తన తమిళ దినచర్యలో ఈ పోరును దినదినము వ్రాసి పెట్టెను. ఈ పిళ్ళెయే మన కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందమునకు కృతిభర్త; తెలుగు ఛందశ్శాస్త్రమును పోషించినవాడు.

1746 సెప్టెంబరులో లా బూర్దొనే మద్రాసును ముట్టడింపగా కొలది దినములలోనే కోట లొంగిపోయెను. పట్టుకొన్న స్థలములను ఉంచుకొనరాదని కంపెనీ తనకిచ్చిన ఉత్తరువు. అందుచేత పదునొకండు లక్షల వరహాల విడుదల సొమ్మునకు పట్టణమును ఇంగ్లీషువారికే తిరిగి ఇచ్చుటకు ఆయన ఒడంబడిక చేసికొనెను. డూప్లే అంగీకరింపలేదు. మద్రాసు మరల ఇంగ్లీషువారి చేతికి పోయినచో ఫ్రెంచివారికి హిందూదేశమున భవిష్యత్తు లేదని ఆయన వాదము. ఒకరిది ఇచ్చిన మాట, ఒకరిది రాజ్యదృష్టి. ఇద్దరును తమతమ కాగితముల ప్రకారము సరియే. లేఖలమీద లేఖలు నడచుచుండగా అక్టోబరు వచ్చెను. ఏ భయముతో లా బూర్దొనే జీవితమంతయు రేవుకొరకు పరితపించెనో, ఆ భయమే నిజమయ్యెను. 13వ తేదీ రాత్రి మద్రాసు ఎదుట లంగరు వేసియున్న ఓడలపై పెనుతుపాను విరుచుకొనిపడి పెక్కింటిని ముంచెను. వేయిమందికి పైగా నావికులు మరణించిరి. మిగిలిన ఓడలతో ఆయన ఈ తీరము విడిచెను. మరల రాలేదు. డూప్లే ఒడంబడికను రద్దుచేసి మద్రాసును ఉంచుకొనెను గాని, 1748 నాటి సంధి ప్రకారము మరుసటి యేట అది ఇంగ్లీషువారికే పోయెను.

ఫ్రాన్సు ద్వీపమునకు తిరిగి వచ్చునప్పటికి ఆయన పదవిలో మరియొకరు కూర్చుండి యుండిరి. తాను కట్టిన రేవున తానే అతిథి యయ్యెను. ఫ్రాన్సునకు పోవుచు దారిలో మరల తుపానుల పాలై మార్టినీక్ ద్వీపము చేరి, అచటినుండి డచ్చి ఓడలో మారుపేరుతో ప్రయాణము చేయుచుండగా ఇంగ్లీషువారి చేతికి చిక్కెను. శత్రువులు ఆయనను లండనులో గౌరవముగా చూచి, మాటమీద విడిచిపెట్టిరి. స్వదేశము 1748 మార్చిలో బాస్టీల్ చెరసాలలో పెట్టెను. మద్రాసులో ఇంగ్లీషువారి వద్ద లంచము పుచ్చుకొని పట్టణము వదలెనని నేరారోపణ. చాలకాలము కాగితము, సిరా ఇయ్యలేదు. చేతిరుమాళ్ళను గంజిలో తడిపి ఆరబెట్టి, మసితోను కాఫీతోను సిరా చేసికొని తన సమర్థనమును వ్రాసెనని చెప్పుదురు. ఇంచుమించు మూడేండ్లు గడచిన పిదప 1751 ఫిబ్రవరిలో నిర్దోషియని తీర్పు వచ్చెను. కాని ఆరోగ్యము, ధనము రెండును పోయినవి. 1753 నవంబరు 10వ తేదీన పారిస్‌లో మరణించెను. లంచము సంగతిని గూర్చి చరిత్రకారులు నేటికిని ఏకాభిప్రాయమునకు రాలేదు. డూప్లే గతియు ఇంతకంటె మేలు కాదు. 1754లో వెనుకకు పిలువబడి, కంపెనీ తనకీయవలసిన బాకీకై వ్యాజ్యములాడుచు 1763లో దారిద్ర్యమున మరణించెను. ఇరువురిలో ఎవరు గెలిచిరి? ఇద్దరి ఓటమియు ఇంగ్లీషువారి గెలుపైనది.

లా బూర్దొనే కట్టిన రేవు మాత్రము నిలిచినది. పందొమ్మిదవ శతాబ్దిన బానిసత్వము రద్దయిన పిమ్మట చెఱకు తోటలలో పనిచేయుటకు హిందూదేశము నుండి కూలీలను పంపినప్పుడు, వారు దిగినది ఆ పోర్టు లూయీలోనే. గోదావరి ముఖమున నున్న మన కోరంగి రేవునుండి తెలుగువారును ఓడలెక్కిరి. యానాము నుండి కోరంగి ఎంతో దూరము కాదు. ఆ రేవు పేరుననే మారిషస్‌లో తెలుగువారికి కోరింగీలని పేరు వచ్చెను. నేటికిని వారు ఉగాది జరుపుకొనుచు, రామభజనలు చేయుచు, తెలుగు నేర్చుకొనుచున్నారు. ఆ ఓడలలో చివరి దినములు లెక్కించుచు, ఆ గుండ్రని కొండదీవిని తొలిసారి చూచిన మన తెలుగు తల్లుల పేర్లు ఏ చరిత్ర గ్రంథమునను లేవు. వారును సేంట్ జెరాన్ మునిగిన తీరమును దాటియే ఒడ్డు చేరిరి.

పోర్టు లూయీ తీరమున లా బూర్దొనే విగ్రహము సముద్రము వైపు చూచుచు నిలిచియున్నది. ఇచట మన తీరమున డూప్లే విగ్రహమున్నది. జీవితమున ఒకే తీరమున ఇమడలేని ఆ యిద్దరు, మరణానంతరము ఒకే సముద్రమునకు చెరియొక వైపున నిలుచుండిరి. ఈ సారి బీచికి పోయినపుడు పిల్లలు అడిగినచో, డూప్లే కథతోపాటు ఈ రెండవ కథను కూడ చెప్పుడు. రేవు కట్టినవాని పేరుతోపాటు, రాళ్ళు మోసిన మన పుదుచ్చేరి పనివారిని, ఆ రేవున దిగిన మన కోరంగివారిని సయితము తలచుకొనుడు.